గొడుగుల వేట

పిల్లలూ! వాన వెలిసిన మర్నాడు నేలమీద తెల్లని గొడుగులు నిలబడి ఉంటాయి, చూశారా? రాత్రి లేనివి తెల్లవారేసరికి ఎక్కడినుంచి వచ్చాయి? అది కనుక్కుందామనే శ్రావణమాసంలో ఒక ఆదివారం పదిమంది పిల్లలను వెంటబెట్టుకుని ఊరవతలి చిట్టడివికి వెళ్ళాను. నేను బడి మానేసి చాలా ఏళ్ళయింది గాని, బడిపిల్లలు నన్ను మానలేదు!

బయలుదేరేముందు ఒక్క నియమం పెట్టాను: "చూడండి, బొమ్మ వేసుకోండి. నోట్లో మాత్రం పెట్టవద్దు."

అడివిలో ఎన్ని రకాలని! ఎండుమానుకు అరలు కొట్టినట్టు కొన్ని అంటుకుని ఉన్నాయి. పేడమీద లేచిన సన్నగొడుగులు కరిగి సిరాలాగా కారుతున్నాయి. గోళీకాయంత బంతిని ఒక కుర్రవాడు వేలితో నొక్కితే గుప్పున పొగ లేచింది.

"దీని కడుపులో పొయ్యి ఉందండీ, మేష్టారూ!" అన్నాడు వాడు.

"పొగ కాదురా, సిద్ధబీజాలు. చెట్టుకు విత్తనాలెలాగో వీటికి ఇవి అలాగ" అన్నాను.

మనకు కనబడే గొడుగు మామిడిచెట్టుకు కాయ లాంటిది. అసలు ప్రాణి అంతా నేలలోనో, కుళ్ళిన కట్టెలోనో సన్నని దారాలుగా అల్లుకుని ఉంటుంది. దాన్నే శిలీంధ్రం అంటారు. దానిలో ఆకులలో ఉండే పచ్చదనం లేదు. కనుక ఎండతో తన ఆహారం తాను వండుకోలేదు. రాలిన ఆకులనూ, పడిపోయిన మానులనూ కుళ్ళబెట్టి బతుకుతుంది. అది లేకపోతే అడివంతా చెత్తతో పూడిపోదూ?

చెదపుట్ట దగ్గర అసలైన పుట్టగొడుగులు కనిపించాయి. ఒకదాని చుట్టూ మెల్లగా తవ్వాం. కాడ వేరులాగా లోపలికి సాగి, చెదల గూటిలోకి పోయింది! అక్కడ చెదలు వ్యవసాయం చేస్తాయి. నమిలి మింగిన కట్టెనూ, ఆకునూ విసర్జించి, దానితో మళ్ళు కట్టి, వాటిమీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానాకాలంలో ఆ పంటే గొడుగై పైకి వస్తుంది.

తిరుగుదారిలో ఒక అమ్మాయి గడ్డిలోంచి అయిదారు తెల్లని పెద్ద గొడుగులు కోసి ఒడిలో వేసుకుంది. "ఇవీ పుట్టగొడుగులే కదండీ! అమ్మ కూర వండుతుంది" అన్నది.

నిజం చెబుతున్నాను, చూడగానే నాకూ పోల్చుకోవడం చాతకాలేదు. "రేపటిదాకా ఆగమ్మా" అన్నాను. పుట్టమీది గొడుగు ఒకటి, ఆమె గొడుగు ఒకటి కాడలు తీసేసి, రేకలు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నెలు బోర్లించాం. తెల్లవారి గిన్నెలు తీస్తే, పుట్టగొడుగు కింద లేతగులాబి పొడి. ఆమె గొడుగు కింద ఆకుపచ్చ పొడి! అలా పచ్చపొడి రాల్చేది తింటే కొద్దిగంటలలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా మిగతావి గోతిలో పూడ్చి చేతులు కడుక్కుంది.

పచ్చపొడి రాలకపోతే తినవచ్చునని మాత్రం అనుకోకండి. ప్రాణం తీసే గొడుగులలో కొన్ని తెల్లపొడి రాలుస్తాయి. అవి తిన్న ఆరుగంటలకో, ఇంకా ఆలస్యంగానో బాధ మొదలవుతుంది. ఈలోగా విషం కాలేయంలో తన పని ప్రారంభిస్తుంది. ఉడికించినా అది పోదు. పురుగు తిన్నది మంచిదనీ, వెండి నల్లబడకపోతే మంచిదనీ చెప్పే మాటలు నమ్మవద్దు. పెద్దలారా, ఎవరైనా తెలియక తింటే, బాధ మొదలయ్యేదాకా కాచుకోక, మిగిలిన ముక్క పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

పిల్లలూ, ఈ వానాకాలం మీరూ పెద్దవాళ్ళతో వెళ్ళి గొడుగులు వెతకండి. ఇంటికి తెచ్చుకోవలసింది కూర కాదు, కాగితం మీద వాటి ముద్ర. ఏ రంగు పడుతుందో తెల్లవారేదాకా తెలియదు సుమా!