లాగే కొక్కెం, ఆపలేని ట్రాలీ

చింతామణి మార్కెట్టుకు టమాటా దింపడానికి వచ్చే ట్రాక్టర్లలో క్రేట్లు ఎంత ఎత్తుకు పేర్చారో అందరూ చూస్తారు. ట్రాక్టరుకూ ట్రాలీకీ నడుమనున్న కొక్కేన్ని ఎవరూ వంగి చూడరు. ఆ బరువంతా ఒక్క ఇనుప పిన్ను మీద ఆధారపడి వస్తుంది. పిన్ను పైకి ఎగరకుండా కింద పెట్టాల్సిన క్లిప్పు ఊడిపోతే చాలామంది కట్టుతీగ చుట్టి సరిపెట్టేస్తారు.

ఈ కొక్కెం సరిగ్గా లేక ఒకప్పుడు ట్రాక్టర్లు మనుషుల్ని పొట్టన పెట్టుకున్నాయి. తొలినాళ్ళలో నాగలిని ట్రాక్టరు వెనక గొలుసుతోనో కడ్డీతోనో తగిలించి లాగేవాళ్ళు. కర్రు రాతికి తగులుకుంటే నాగలి కదలదు. చక్రాలకు మాత్రం ఇంజను బలం అందుతూనే ఉంటుంది. అప్పుడు ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి వెనక్కి, నడిపేవాడి మీదికే, తిరగబడేది. ఐర్లండు రైతు బిడ్డ హ్యారీ ఫెర్గుసన్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ట్రాక్టర్ల పనితీరు చూడడానికి ఊరూరా తిరుగుతూ లోపం తగిలించే పద్ధతిలోనే ఉందని తేల్చుకున్నాడు. కింద రెండు చేతులు, పైన ఒకటి పెట్టి మూడు చోట్ల పట్టే అమరికకు 1926లో పేటెంటు తీసుకున్నాడు. నాగలి రాతికి తగిలితే పై చేయి ట్రాక్టరును ముందుకు నెట్టి దాని మూతిని నేలకు అదిమి పెడుతుంది. 1946లో మొదలైన ఆయన టీఈ-20 ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. చెన్నై టాఫే కంపెనీ చేసే మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్లలో ఉన్నది ఆయన పేరే.

ఫెర్గుసన్ ట్రాలీని కూడా వదల్లేదు. ఇరుసును బాగా వెనక్కి జరిపి, బరువులో కొంత కొక్కెం మీద పడేలా చేశాడు. అలా ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు దొరికింది. బండి తోలినవాళ్ళకు తెలిసిన సంగతే ఇది: కాడి మీద బరువు సరిగా పడకపోతే ఎద్దులు లాగలేవు.

లాగడం వరకూ కథ బాగానే నడిచింది. చిక్కంతా ఆపడంలోనే. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వైపు గుట్టల దారుల్లో దిగుడు వచ్చిందంటే నిండు ట్రాలీ ట్రాక్టరును వెనక నుంచి తోస్తుంది. ట్రాలీలు చాలావాటికి సొంత బ్రేకే ఉండదు. వేగం రెండింతలైతే ఆపడానికి మింగాల్సిన శక్తి నాలుగింతలు; దాన్నంతా ట్రాక్టరు వెనక చక్రాలు రెండే మింగాలి. దానికితోడు పొలంలో మలుపు కోసం ట్రాక్టరుకు ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కినప్పుడు ఆ రెండు పెడళ్ళనూ కలిపే పట్టీ వేయకపోతే ఒక చక్రమే ఆగుతుంది, ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, ట్రాలీ మీదికొస్తుంది.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో రైలుకు గాలి బ్రేకు చేశాడు. తర్వాత దాన్ని ఇంకా మెరుగుపరిచి, గొట్టం తెగితే బ్రేకు దానంతటదే పడేలా మార్చాడు. నా దృష్టిలో బ్రేకుల చరిత్రలో ఇంతకు మించిన ఆలోచన లేదు. అమెరికాలో సెలవులకు కారు వెనక క్యాంపర్ (లోపల పడుకునే వీలున్న ట్రైలరు) కట్టుకుపోయేవాళ్ళు అదే సూత్రం పాటిస్తారు. క్యాంపర్ చక్రాల్లో విద్యుదయస్కాంత బ్రేకులుంటాయి. స్టీరింగు దగ్గరి కంట్రోలర్ కారు ఎంత గట్టిగా ఆగుతోందో పసిగట్టి అంత కరెంటే పంపుతుంది. కొక్కెం ఊడితే చిన్న తీగ స్విచ్చిని లాగి, క్యాంపర్‌లోని బ్యాటరీతో బ్రేకు వేస్తుంది. కారు వెనక కొక్కెంగా ఉండే గుండు సైజు, దాని మీద కూర్చునే క్యాంపర్ గిన్నెకు సరిగ్గా సరిపోవాలి. రెండంగుళాల గిన్నెలో కాస్త చిన్న గుండు పెడితే గతుకులో ఎగిరిపోతుంది.

మనకు అంత ఖరీదైన సరంజామా అక్కర్లేదు. ట్రాలీ ముందుకు తోసినప్పుడు ఆ తోపుతోనే బ్రేకు పడే పద్ధతి ఉంది. దానికి కరెంటు, కంట్రోలర్ ఏమీ వద్దు. కొత్త ట్రాలీ చేయించే రైతన్నలు వెల్డింగు షాపులో పలకల మందం గురించి బేరమాడేటప్పుడు ఇరుసుకు బ్రేకు కూడా అడగండి. పాత ట్రాలీ ఉన్నవాళ్ళు సరైన పిన్ను, క్లిప్పు, రెండు పక్కలా గొలుసు వేయండి. రోడ్డెక్కే ముందు పెడళ్ళు కలపండి. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించండి.