స్పిరిటుకు చలువ ఎక్కడిది?

సూదిమందు ఇచ్చుటకు ముందు వైద్యుడు స్పిరిటులో తడిపిన దూదితో మన చేతిని తుడుచును. తక్షణమే చర్మము జిల్లుమనును. చలువ స్పిరిటులోనే ఉన్నదని మనలో పెక్కుమంది తలంతురు. జ్వరము వచ్చిన బిడ్డల ఒంటికి స్పిరిటు పులుము అలవాటునకు ఈ తలంపే మూలము. కాని గదిలో ఉంచిన స్పిరిటు సీసాలో ఉష్ణమాపకమును ముంచి చూచినచో, గదిలోని గాలికి ఎంత వేడిమి కలదో స్పిరిటునకును అంతియే కానవచ్చును. మరి ఆ చలువ ఎచ్చటినుండి వచ్చినది?

ద్రవములోని అణువులు ఎల్లప్పుడును చలించుచుండును. అన్నిటి వేగము ఒక్కటి కాదు. మిక్కిలి వేగము గలవి తోటి అణువుల ఆకర్షణను త్రెంచుకొని, ఆవిరియై గాలిలో కలిసిపోవును. ఎక్కువ సంపాదించువారు ఇల్లు వీడినచో మిగిలినవారి సగటు సంపాదన తగ్గును గదా! అట్లే ఇచ్చట మిగిలిన అణువుల సగటు వేగము తగ్గును. ద్రవము చల్లబడుట యనగా ఇదియే. ఆ లోటును ద్రవము తాను తాకియున్న చర్మమునుండి వేడిమిని గ్రహించి పూడ్చుకొనును.

నీరు 100 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద మరుగును. స్పిరిటులోని ఇథైలు ఆల్కహాలు సుమారు 78 డిగ్రీల వద్దను, ఈథరు సుమారు 35 డిగ్రీల వద్దను మరుగును. తక్కువ వేడిమికే మరుగు ద్రవములలో అణువుల పరస్పర బంధము సడలియుండును. కావున అవి గది వేడిమికే త్వరత్వరగా ఆవిరియగును.

ఇచ్చట ఒక వింత కలదు. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు దాదాపు 580 కెలోరీల వేడిమి కావలెను. ఈథరునకు సుమారు 90 కెలోరీలు చాలును. అయినను ఈథరే ఎక్కువ జిల్లుమనిపించును. నీరు మెల్లమెల్లగా ఆవిరియగుటచే, పోయిన వేడిమిని శరీరము ఎప్పటికప్పుడు భర్తీ చేసికొనగలదు. ఈథరు ఆ వ్యవధి నీయదు.

1758లో కేంబ్రిడ్జిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ హాడ్లీ అను శాస్త్రజ్ఞులు ఉష్ణమాపకపు గుండును ఈథరుతో మాటిమాటికి తడుపుచు, తిత్తితో గాలి ఊదిరి. పాదరసము సున్నకు దిగువ 14 డిగ్రీల వరకు దిగెను. పాదరసము ద్రవముగనే ఉండి ఆ అంకెను చూపినది. గుండు చుట్టును మాత్రము మంచు పేరుకొన్నది. మంచుగడ్డ లేకయే మంచు పుట్టినది! నేటి ఇండ్లలోని రిఫ్రిజిరేటరును ఈ సూత్రము మీదనే పనిచేయును. దాని గొట్టములలో ద్రవము ఆవిరియగుచు లోపలి వేడిమిని గ్రహించును. యంత్రము ఆ ఆవిరిని నొక్కి, వేడిమిని వెలుపలికి పంపి, మరల ద్రవముగా మార్చును.

కనుక స్పిరిటు చలువ నిచ్చు వస్తువు కాదు, వేడిమిని హఠాత్తుగా లాగుకొను వస్తువు. జ్వరపడిన బిడ్డకు దానిని పులుమరాదు. చర్మము హఠాత్తుగా చల్లబడినచో వణకు పుట్టి, లోపలి వేడిమి ఇంకను పెరుగవచ్చును. అంతేకాక స్పిరిటు చర్మము గుండను, ఆవిరి ఊపిరి గుండను లోనికి పోయి పసివారికి విషమగును. దాని ఆవిరి దీపము చెంత భగ్గున అంటుకొనును. సూదిమందు వేళ ఒక దూదిపింజతో వచ్చు చలువ హాయియే. ఒళ్లంతయు తడిపినచో అదియే అపాయము. బిడ్డ జ్వరమునకు వైద్యుని సలహాయే శరణ్యము.