మేమా, మనమా? తాండా నేర్పిన వ్యాకరణం

రాయచూరు బస్టాండులో ఓ అరగంట నిలబడితే చాలు, భాషాశాస్త్రం పాఠం ఒకటి ఉచితంగా వినొచ్చు. కండక్టర్‌తో కన్నడ, పండ్ల బండి దగ్గర దక్కనీ, గద్వాల బస్సు ఎక్కేవాళ్ళతో తెలుగు. మా సింధనూరు వైపు ఇంకా చిత్రంగా ఉంటుంది. తుంగభద్ర కాలువ నీళ్ళు పారాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ళ క్యాంపులు ఒకవైపు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకుల క్యాంపులు ఇంకోవైపు. లింగసుగూరు దారి పట్టామా, లంబాణీ తాండాలు. క్యాంపులో పుట్టి, కన్నడంలో చదువుకుని, ఉర్దూలో బేరమాడే నాలాంటివాడికి తాండా భాష మీద మోజు పుట్టడంలో వింతేమీ లేదు.

వాళ్ళు ఆ భాషను గోర్ బోలి అంటారు, గోర్మాటి అని కూడా అంటారు. రాజస్థానీ వైపు చుట్టరికం ఉన్న భాష. 2011 జనగణనలో లమాణి లేదా లంబాడి మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 32 లక్షలు దాటారు. కానీ ఆ లెక్క హిందీ పద్దులో ఒక వరుసగా కలిసిపోయింది. మనుషుల సంగతీ అంతే. తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. సరిహద్దు దాటితే పెళ్ళి సంబంధం మారదు గాని సర్టిఫికెట్ మారుతుంది.

ఇక వ్యాకరణం. బడి పుస్తకం లేని భాషకు వ్యాకరణం ఉండదని చదువుకున్నవాళ్ళే అంటుంటారు. అది ఉండేది మనుషుల నోళ్ళలో. దాన్ని వెలికితీసే పనినే క్షేత్ర పరిశోధన అంటారు. మొదట మాటల పట్టిక: కన్ను, చెయ్యి, నీళ్ళు, నిప్పు, కుక్క. మారిస్ స్వదేశ్ అనే పండితుడి పేరు మీద చలామణీలో ఉన్న అలాంటి జాబితాతోనే ప్రపంచమంతా పని మొదలుపెడుతుంది. తర్వాత చిన్న వాక్యాలు. ‘తారో నామ్ కాయి?’ అంటే నీ పేరేమిటి. ‘మారో బాప్’ అంటే మా నాన్న, ‘మారి యాడి’ అంటే మా అమ్మ. గమనించండి, నాన్నకైతే మారో, అమ్మకైతే మారి. తెలుగులో ‘మా’, కన్నడంలో ‘నమ్మ’ ఎవరి ముందున్నా మారవు. ఇలాంటివి నోటుబుక్కులో చేరుతూ పోతే ఒక భాష ఎముకల గూడు మెల్లగా కనిపిస్తుంది.

చిక్కంతా అడిగే భాషతోనే. నేను కూర్చునే తాండాలో ఒక పెద్దావిడ ఉంది, అందరిలాగే నేనూ ఆమెను యాడీ అనే పిలుస్తాను. ‘నావు హోగ్తీవి’ని, అంటే ‘వెళ్తాం’ అనేదాన్ని, మీ మాటలో ఎలా అంటారని కన్నడంలో అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. చేతిలో జొన్న పిండి అలాగే ఉంచి, ‘నీనూ బర్తీయేనప్పా?’ అని ఎదురు అడిగింది. నువ్వూ వస్తావా అని. నేను వెళ్ళేవాళ్ళలో ఉంటే ‘ఆపణ్’, లేకపోతే ‘హమ్’. తెలుగువాడికి ఇది చెప్పాలా, మనం, మేము! కన్నడంలో ఇవాళ రెండింటికీ ‘నావు’ ఒక్కటే. ఆవిడ ఓపిక లేని మనిషై, ఏదో ఒకటి చెప్పి రొట్టె తట్టుకుంటూ కూర్చుని ఉంటే, నోటుబుక్కులో ఒక గడి నిండేది, ఒక గడి అసలు పుట్టేదే కాదు.

ఒక భాష అచ్చులో ఇంకో భాషను పోసి చూసే ఈ జబ్బు పాతదే. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ భారతీయ భాషల సర్వే చేయించాడు. బంజారీ భాష చేరిన సంపుటం 1907లో వచ్చింది. ఆ సర్వేకు ప్రధాన నమూనా బైబిల్‌లోని తప్పిపోయిన కుమారుడి కథ. అన్ని భాషల్లోకీ అదే కథను అనువదించి పంపమన్నారు. పోల్చి చూడటానికి అది సౌకర్యమే, కాదనను. కానీ ఆ కథ కోసం కూర్చిన వాక్యాలు వేరు, తాండా పెద్ద పంచాయితీలో పేల్చే మాటలు వేరు. పైగా ఆ సర్వే హైదరాబాద్, మైసూరు సంస్థానాలనూ, మద్రాసు ప్రెసిడెన్సీనీ పక్కన పెట్టింది. రాయచూరు అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి మా తాండాలు లెక్కలోకే రాలేదు.

సముద్రాల అవతల మాయా భాషలకూ ఇదే గతి పట్టింది. స్పెయిన్ నుంచి వెళ్ళిన పాద్రీలు మాయా భాషలకు వ్యాకరణాలు రాశారు. హువాన్ కొరొనెల్ రాసింది 1620లోనే అచ్చయింది. వాళ్ళ చేతిలో ఉన్న కొలబద్ద లాటిన్. మరి అక్కడి భాష తీరు చూడండి. గ్వాటెమాలాలోని కిచె భాషలో ‘షిన్‌వారిక్’ అంటే నేను నిద్రపోయాను, ‘షినావిలో’ అంటే నువ్వు నన్ను చూశావు. రెండింటిలోనూ ఉన్న ‘ఇన్’ ఒక్కటే. అంటే నిద్రపోయే ‘నేను’, ఎవరో చూసే ‘నన్ను’ వాళ్ళకు ఒకే గుర్తు. చూసేవాడి గుర్తు మాత్రం వేరు. నేను, నన్ను అని విడదీసే లాటిన్ గళ్ళలో ఇది ఇమడదు.

ఇలాంటి పోకడ సగం మన పక్కనే ఉంది. ఉర్దూలో ‘మైఁనే రోటీ ఖాయీ’ అంటారు. తిన్నవాడు మగవాడైనా క్రియ రొట్టెను బట్టి స్త్రీలింగమైంది. మా బజారులో దక్కనీవాళ్ళు ‘మై రోటీ ఖాయా’ అనేస్తారు. శతాబ్దాలుగా తెలుగు, కన్నడాల మధ్య బతికిన దక్కనీ ఆ ‘నే’ను వదిలించుకుంది. దాన్ని తప్పు ఉర్దూ అని వెక్కిరించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ అనే ఊళ్ళో ఇలా పక్కపక్కనే బతికిన కన్నడ, మరాఠీ, ఉర్దూల వాక్యాలు ఎలా ఒకే అచ్చులోకి వచ్చాయో గంపర్జ్, విల్సన్ 1971లో రాసిన వ్యాసం ప్రపంచ ప్రసిద్ధం. ఆ ఊళ్ళో తాళ్ళు పేనే తెలుగువాళ్ళు కూడా ఉండేవారు.

మాయా దేశానికీ మా తాండాలకూ ఒక దారి కూడా ఉంది. కామెరాన్ టౌన్సెండ్ అనే అమెరికన్ 1917లో స్పానిష్ బైబిళ్ళు అమ్మడానికి గ్వాటెమాలా వెళ్ళాడు. అక్కడి జనానికి స్పానిష్ అంతంతమాత్రం. అందుకని కక్చికెల్ అనే మాయా భాష నేర్చుకుని, ఆ అనుభవంతో 1934లో వేసవి శిక్షణ శిబిరం పెట్టాడు. అదే సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్ అయింది. లమాణి భాషకు రోనాల్డ్ ట్రెయిల్ రాసిన వ్యాకరణాన్ని 1970లో అచ్చేసింది ఆ సంస్థే. మత ప్రచారం ఉద్దేశం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. పుస్తకం మాత్రం పనికొచ్చే పుస్తకం.

మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పట్టిన దారి నాకు అన్నింటికన్నా నచ్చుతుంది. సవరలను ఇంట్లో పెట్టుకుని, వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆ భాష నేర్చారు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం వెలువడింది. ముందు మాట్లాడటం, తర్వాత రాయడం. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలుచుకునే మనం, ఈ సవర పనిని ఒక వాక్యంలో ముగించేస్తాం.

పని మొదలెట్టేవాళ్ళకు తెలియాల్సింది ఇంకోటుంది. పత్తి ఏరే రోజుల్లో తాండాలో మనిషి దొరకడు. వేసవిలో సగం ఇళ్ళకు తాళాలు, బెంగళూరుకో పుణెకో గుళే, అంటే కూలి పనులకు వలస, పోతారు. మన ప్రశ్నలకు కూర్చున్న మనిషికి ఒక పూట కూలి పోయినట్టే కాబట్టి ఆ కూలి ఇవ్వాలి. పట్టికలు పూర్తయ్యాక కథలు, పాటలు, తగాదాలు రికార్డు చేసుకోవాలి. మనం అడగని వాక్యాల్లోనే అసలు సరుకు ఉంటుంది.

ఈ పని ఎప్పుడూ బయటివాళ్ళే చేయాలా? ఆ భాష మాట్లాడేవాళ్ళే చేపట్టాలి. గ్వాటెమాలాలో ఆ అడుగు పడింది. మామ్ భాషకు 1983లో వ్యాకరణం రాసిన నోరా ఇంగ్లండ్ అక్కడితో ఆగకుండా మాయా యువకులకే ఈ విద్య నేర్పింది. వాళ్ళు 1990లో ఒక సంఘంగా ఏర్పడి తమ భాషల వ్యాకరణాలు తామే రాసుకున్నారు. మాయా భాషల అకాడమీకి చట్టబద్ధత వచ్చిందీ ఆ ఏడే.

రాయచూరు, కలబురగి, మహబూబ్‌నగర్ కాలేజీల్లో ఇంట్లో గోర్ బోలి మాట్లాడే పిల్లలు ఎందరో చదువుతున్నారు. బయటివాడిగా నేను ఏళ్ళు తంటాలు పడి పట్టుకునేది వాళ్ళకు పుట్టుకతోనే వచ్చింది. కన్నడ లిపిలో రాస్తారో తెలుగు లిపిలో రాస్తారో వాళ్ళిష్టం. వాళ్ళకు నా మాట ఒక్కటే. ఎం.ఏ.లో ఏ అంశం తీసుకోవాలా అని వెతుక్కునే ముందు, ఫోన్‌లో రికార్డర్ నొక్కి మీ అవ్వ పక్కన కూర్చోండి. ప్రశ్న మాత్రం కన్నడంలోనో తెలుగులోనో వేయకండి, మీ మాటలోనే అడగండి.