బిట్లకు చిరునామా కంచన్‌బాగ్

పక్కపక్కనే రెండు చరిత్రలు. ఒకటి నక్షత్రాలను లెక్కపెట్టింది, రెండోది క్షిపణులను నింగికి పంపింది. హైదరాబాద్ పాతబస్తీలోని ఈ నాలుగు వీధులు తిరిగితే సగం భౌతికశాస్త్రం వచ్చేస్తుంది.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలను నిద్రలో లేపి పలాయన వేగమెంతని అడిగినా, సెకనుకు 11.2 కిలోమీటర్లని ఠక్కున చెబుతారు. ధ్రువ నక్షత్రం ఏ దిక్కునంటే ఉత్తరమంటారు. దాన్ని ఎప్పుడైనా చూశారా అంటే మాత్రం నీళ్లు నములుతారు. బట్టీ పట్టిన బిట్టుకూ కంటితో చూసినదానికీ ఉన్న తేడా అది. ఆ దూరం తగ్గించుకోవాలనుకునేవారు మిధాని బస్సెక్కి కంచన్‌బాగ్‌లో దిగవచ్చు.

ఫిసల్‌బండలో 15 అంగుళాల కన్ను

కంచన్‌బాగ్‌ను ఆనుకునే ఉంది ఫిసల్‌బండ. ఇంగ్లండులో చదువుకొచ్చిన నవాబు జఫర్ జంగ్‌కు అక్కడ ఎస్టేటు ఉండేది. ఆకాశం మీద మోజుతో ఆయన సీమ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో అక్కడే వేధశాల పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు.

15 అంగుళాలంటే ఎంత గొప్పో ఒక చిన్న లెక్క చెబుతుంది. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఆ కటకం వెడల్పు 381 మిల్లీమీటర్లు, అంటే కంటిపాపకు 54 రెట్లు. చేరే వెలుగు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక 54ను 54తో గుణించాలి. దాదాపు మూడు వేల కళ్లు ఒకేసారి ఒకే చుక్కను చూసినట్టు! టెలిస్కోపు అసలు పని వెలుగును పోగుచేయడమేనని పాఠం చెప్పేది ఇందుకే.

1907లో నవాబు కన్నుమూశాక వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకు మారింది. 1887లో పారిస్‌లో మొదలైన మహాయజ్ఞంలో దానికీ చోటు దక్కింది. ఆకాశాన్ని వాటాలు వేసుకుని, ప్రతి ముక్కనూ గాజు పలకల మీద ఫొటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచే పని అది. భారతదేశం నుంచి ఆ పని చేసింది హైదరాబాద్ ఒక్కటే. 1918 నుంచి 1944 దాకా టి.పి. భాస్కరశాస్త్రి సారథ్యం వహించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. కంప్యూటరు లేని కాలంలో ఇక్కడివాళ్లు ఒక్కొక్కటిగా కొలిచి పుస్తకాలకెక్కించిన నక్షత్రాలు ఏడున్నర లక్షల పైచిలుకు.

కలాం కాలం

ఒవైసీ ఆస్పత్రి–మిధాని కూడలిలో 2021 డిసెంబరులో తెరిచిన ఫ్లైఓవర్‌కు అబ్దుల్ కలాం పేరు పెట్టారు. ఆ పేరు ఊరికే రాలేదు. 1982లో కలాం ఇక్కడి రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్) డైరెక్టరుగా వచ్చారు. మరుసటి ఏడాది పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ క్షిపణుల పథకం మొదలైంది. 1989 మే 22న అగ్ని తొలిసారి ఎగిరింది.

అగ్నికి అసలు పరీక్ష పైకి వెళ్లేటప్పుడు కాదు, వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు. గాలి రాపిడి వల్ల వేడెక్కుతుందని మన గైడ్లలో ఉంటుంది. అది సగం నిజమే. ధ్వనిని ఎన్నో రెట్లు మించిన వేగంతో వస్తుంటే ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. అక్కడే నలిగి, నొక్కుకుపోయి భగ్గున వేడెక్కుతుంది. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టాక పంపు అడుగు భాగం ముట్టుకుని చూడండి, అదే సూత్రం. ఆ వేడిని తట్టుకోవడానికి కార్బన్ మిశ్రమ పదార్థంతో కవచం చేశారు.

ఆ ప్రయోగశాలకు ఒకనాడు నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యుడొకరు వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఎంత తేలికో అని ఆశ్చర్యపోయారట. కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడి పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. సాంద్రత అనే మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ఇక మిధాని. 1973లో ఏర్పడిన ఈ సంస్థ పేరు ‘మిశ్ర ధాతు నిగమ్’, పనీ అదే. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములుంటే టైటానియం నాలుగున్నరే. రాకెట్టులో తగ్గిన ప్రతి గ్రామూ మిగిలిన ఇంధనమే కనుక, అంతరిక్ష రంగం ఇక్కడి మిశ్రమ లోహాల కోసం చూస్తుంది.

మీ మేడ మీదే వేధశాల

వానలు వెలిసిన ఓ రాత్రి ఉత్తరం కనిపించే మేడ ఎక్కండి. చెయ్యి బారజాపి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. నేలా నింగీ కలిసే గీత మీద పిడికిలి మీద పిడికిలి పెట్టండి. రెండోదాని పైఅంచుకు కాస్త కింద ఒంటరిగా ఉండే మోస్తరు చుక్కే ధ్రువం. దాని ఎత్తు సుమారు 17 డిగ్రీలు, హైదరాబాద్ అక్షాంశమూ అంతే.

ఆ 17 పగలు కూడా పనికొస్తుంది. సూర్యుడు ఉత్తరాయణంలో పైకి వెళ్తూ ఈ 17 డిగ్రీల అక్షాంశాన్ని దాటే మే 9 ప్రాంతంలో ఒకసారి, దక్షిణాయనంలో తిరిగొస్తూ ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారు వస్తువుకు పక్కకు నీడ పడదు.

పరీక్షలో ఒక మార్కు తెచ్చే ప్రతి అంకె వెనకా దాన్ని కొలిచిన మనిషి ఒకరుంటారు. ఈసారి ఆ మనిషి మీరు కండి. మే 9న మధ్యాహ్నం 12 దాటి పది నిమిషాలకు ఎండలో ఒక స్టీలు గ్లాసు బోర్లించి, నీడ ఎటు పోయిందో చూడండి.