బోయినపల్లి మార్కెట్టు – గోనెలోని వంకాయ

సికిందరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో కుళ్లిన కాయకసరునుండి విద్యుచ్ఛక్తిని పుట్టించుచున్నారని 2021 జనవరి 31వ తేదీని ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ప్రశంసించిరి. దినమునకు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వాయువు లభించుచున్నవని నాడు చెప్పిరి. వ్యర్థమును నలుగగొట్టి, గాలి చొరని తొట్టిలో నుంచగా సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొని వాయువును విడుచును. ఆ వాయువే మార్కెట్టులో దీపములను వెలిగించినది. వంటశాలలో పొయ్యిని మండించినది. ఈ విధానమును రూపొందించినది తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయే యగుట మనకు గర్వకారణము.

అయినను మాకొక సందేహము గలదు. ఆ వ్యర్థములో కొంతభాగము రైతు పండించి, బాడుగ యిచ్చి తెచ్చిన సరకే కదా! (మొక్కజొన్న పొట్టు, కాలీఫ్లవరు ఆకులు ఎట్లును పారవేయవలసినవే, వానిమాట మేమనుట లేదు.) గోనెలో కుక్కిన వంకాయ అడుగున నలుగును. ఎండలో దించిన ఆకుకూర జాము గడవకమునుపే వాడును. కొనువాడు నలిగినదానిని ఏరివేసి, మిగిలినదానికిని వెల తగ్గించును. దీపము వెలిగినంతమాత్రమున ఆ తగ్గిన వెల రైతునకు తిరిగి రాదు.

గాలియాడు పెట్టెయు, నీడగల దింపుడుతావును, చల్లని గిడ్డంగియు ఈ నష్టమును చాలవరకు పుట్టకమునుపే ఆపగలవు. 1999 జనవరి 26వ తేదీని ఆరంభమైన రైతుబజారులు దళారిని తప్పించి, ధరల పలకను అందరి కంటబడునట్లు నిలిపినవి; అంగడి అమరిక మారినచో బేరమును మారునని అప్పుడే తెలిసినది. పెట్టెల వ్యయము నెవరు భరింపవలెనన్నదే చిక్కు. దానిని రైతు నెత్తిన మోపక, వర్తకులును మార్కెట్టు కమిటీయు పంచుకొనవలెనని మా అభిప్రాయము. తోటలుగల మా పాఠకులు ఈ సంగతిని కమిటీవారి నడుగుదురుగాక.