అంత ఎత్తు కిటికీ తుడిచేదెలా?

దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫాకు ఎన్ని కిటికీలో మీకు తెలుసా? 24,348! భవనం ఎత్తు 828 మీటర్లు. పైనుంచి కిందిదాకా ఒక్కసారి తుడిచేసరికి దాదాపు 3 నెలలు. ఈలోగా పైన మళ్లీ దుమ్ము రెడీ!

న్యూయార్క్‌లో 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు 6,514 కిటికీలు. తొలిరోజుల్లో వాటిని తుడిచేవాళ్లు బయట కిటికీ అంచు మీదే నిలబడేవారు. నడుము బెల్టును పక్కనున్న కొక్కేలకు తగిలించి, వెనక్కి వాలి పనిచేసేవారు. వెనక్కి వాలి! చదువుతుంటేనే అరికాళ్లు జిల్లుమనడం లేదూ?

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందున్న గాజు పిరమిడ్‌ను మొదట్లో ఎవరు శుభ్రం చేసేవారో మీకు తెలుసా? పర్వతారోహకులు! తర్వాత ఆ పనికి రోబో వచ్చింది.

అమెరికాలో కొన్ని పిల్లల ఆసుపత్రుల అద్దాలు తుడవడానికి స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ తాళ్లకు వేలాడుతూ దిగుతారు. వేషం వేసుకున్న క్లీనర్లన్నమాట. కిటికీ అవతల ఆ పసివాళ్ల కేరింతలు ఊహించుకోండి!

బ్రిటన్‌కు చెందిన టెర్రీ బరోస్ 2009లో 3 పెద్ద కిటికీల అద్దాలు ఎంతసేపట్లో తుడిచారో మీకు తెలుసా? 9.14 సెకన్లలో. గిన్నిస్ రికార్డు! మీరీ పేరా చదివేలోపు ఆయన పని అయిపోయింది.

సరే, ఇక మనింటికొద్దాం. 10 అడుగుల ఎత్తు నుంచి జారితే నేల తగలడానికి ఎంతసేపు? 1 సెకను కూడా పట్టదు. తగిలేటప్పటి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. ‘అమ్మో’ అనేలోపే నేల మీదుంటాం!

అందుకే ఈ లెక్క. నిచ్చెన గోడకు 12 అడుగుల ఎత్తులో ఆనితే, కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. 4కి 1. అప్పుడు కోణం దాదాపు 75 డిగ్రీలు. టేపు లేదా? నిచ్చెన కాళ్లకు మీ కాలివేళ్లు ఆనించి నిటారుగా నిలబడండి. చేతులు ముందుకు చాచండి. అరచేతులు మెట్టుకు సరిగ్గా అందాయా? కోణం కుదిరినట్టే. కోణమానిని మీ ఒంట్లోనే పెట్టుకుని తిరుగుతున్నారు!

ఆ కోణాన్ని సెల్‌ఫోన్ కూడా చెబుతుందని మీకు తెలుసా? అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 2013లోనే ఇందుకు ఉచిత యాప్ తెచ్చింది.

నిచ్చెన మీద మీ బొడ్డు ఎక్కడుండాలో మీకు తెలుసా? నవ్వకండి, ఇది నిజంగా నియమమే! రెండు నిలువు కమ్మీల మధ్యే ఉండాలి. అద్దం మూల అందలేదని పక్కకు వాలితే, బొడ్డుతోపాటు బరువంతా అటే. దిగండి, నిచ్చెన జరపండి, మళ్లీ ఎక్కండి. రెండు కాళ్లు, ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెనకే అంకితం. ఇంకొకటి, దయచేసి వినండి: మన వీధుల్లో కరెంటు తీగలు మేడలను ఒరుసుకుంటూ పోతాయి. అక్కడికి అల్యూమినియం నిచ్చెన వద్దే వద్దు!

అసలు నిచ్చెనే లేకుండా, నేల మీద నిలబడి నాలుగో అంతస్తు కిటికీ కడగొచ్చని మీకు తెలుసా? పొడవాటి కార్బన్ ఫైబర్ గడ, కొసన బ్రష్షు, దాంట్లోంచి నీళ్లు. లవణాలు తీసేసిన నీళ్లు కాబట్టి తుడవక్కర్లేదు, ఆరినా మరక పడదు. మెడ నొప్పి మాత్రం గ్యారంటీ!

తాడిచెట్టెక్కే మన గీత కార్మికులకూ నిచ్చెన ఉండదు, మోకే ఆధారం. తెలంగాణ ప్రభుత్వం 2024లో వాళ్లు కొలిచే కాటమయ్య పేరిట వాళ్లకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంత మంచి కబురు!

ప్రపంచంలోకెల్లా మొండి నిచ్చెన ఎక్కడుందో మీకు తెలుసా? జెరూసలేంలో! హోలీ సెపల్కర్ చర్చి గుమ్మం పైన, కుడివైపు కిటికీ కింద. 1728 నాటి చిత్రంలోనూ అక్కడ నిచ్చెన ఉంది. ఆ చర్చిని 6 క్రైస్తవ శాఖలు పంచుకుంటున్నాయి. ఉమ్మడి చోట ఏది కదపాలన్నా అందరూ ఒప్పుకోవాలి. ఒప్పందం కుదరలేదు, నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. దాదాపు 300 ఏళ్లు!

చివరి ప్రశ్న. భూమిని దాటి వెళ్లి కూడా మనిషి కిటికీలు తుడిచాడని మీకు తెలుసా? 2015లో ఇద్దరు రష్యన్ వ్యోమగాములు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయటికొచ్చి దాని కిటికీలు తుడిచారు. ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు, వేగం గంటకు సుమారు 28,000 కిలోమీటర్లు. పడిపోయే భయం లేని ఆ చోట కూడా ఇద్దరూ నడుముకు తాడు కట్టుకునే తుడిచారు!