‘బతకదులే’ అని వదిలేసిన మేకపిల్లను బతికించడం ఎలా?



మన పాఠశాలలో చదివే వాళ్ళలో ఇంటి దగ్గర మేకలు లేనివాళ్ళు చాలా తక్కువ. మనకి బ్యాంకులో డబ్బు లేకపోయినా దొడ్డిలో మేకలుంటాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి పాడేరు తీసుకెళ్ళాలన్నా, పండక్కి బట్టలు కొనాలన్నా నాన్న ముందు మంద వైపే చూస్తాడు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నా రేకుపెట్టె, దుప్పటి, చెప్పులు ఒక మేకపోతును సంతలో అమ్మిన డబ్బుతోనే వచ్చాయి. కనుక ఒక మేకపిల్ల చచ్చిపోతే పోయేది ఒక్క ప్రాణం మాత్రమే కాదు. ఏడాది తర్వాత మన ఇంటికి రావలసిన డబ్బు కూడా పోతుంది.

మేక సుమారు 150 రోజులు, అంటే ఐదు నెలలు చూడితో ఉంటుంది. వానలు పడి పచ్చిక బాగా వచ్చాక జూలై, ఆగస్టులో చూడి కట్టిన మేకలు డిసెంబరు, జనవరిలో ఈనుతాయి. మన ఏజెన్సీలో అసలు చలి అప్పుడే. చింతపల్లి, లంబసింగి వైపు ఆ నెలల్లో 5 డిగ్రీల కంటే కిందికి కూడా దిగిపోతుంది. ఆ చలిలో పుట్టిన బక్క పిల్లను చూసి పెద్దవాళ్ళు “ఇది బతకదులే” అంటారు. చాలాసార్లు అది బతుకుతుంది. కాకపోతే మొదటి కొన్ని గంటల్లో ఏం చేయాలో మనకి తెలియాలి.

ఎందుకు చచ్చిపోతాయి?

బలహీనమైన పిల్లకు శత్రువులు రెండు: చలి, ఆకలి. ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివి. ఒకటి వస్తే రెండోది వెనకే వస్తుంది.

తల్లి కడుపులో పిల్ల వెచ్చగా ఉంటుంది. బయట పడగానే ఒళ్ళంతా తడి. ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. మనం ఏట్లో స్నానం చేసి ఒడ్డుకొచ్చి గాలిలో నిలబడితే వణుకుతాం చూడండి, అలాగే. పిల్ల ఎంత చిన్నదైతే అంత త్వరగా చల్లబడుతుంది. పుట్టేటప్పుడు దాని ఒంట్లో కొంచెం కొవ్వు ఉంటుంది. దాన్ని కరిగించుకుని కొన్ని గంటలు వేడి తెచ్చుకుంటుంది. బక్కపిల్లకు ఆ కొవ్వు కూడా తక్కువే. అది అయిపోయేలోగా కడుపులో పాలు పడకపోతే లేచి నిలబడలేదు. నిలబడలేకపోతే తల్లి చన్ను అందదు. చన్ను అందకపోతే ఇంకా చల్లబడుతుంది. మనం ఆపాల్సింది ఈ చక్రాన్నే.

పుట్టిన వెంటనే

1. ముక్కు, నోటి దగ్గరి జిగురును శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఊపిరి తీయకపోతే గడ్డిపరకతో ముక్కులో మెల్లగా గుచ్చితే తుమ్ముతుంది. గోనెసంచి ముక్కతో పక్కటెముకల మీద గట్టిగా రుద్దండి.

2. తల్లిని నాకనివ్వండి. నాకడం వల్ల పిల్ల ఆరుతుంది. తల్లికి దాని వాసన గుర్తుండిపోతుంది. తల్లి నాకలేకపోతే మనమే పొడిగుడ్డతో ఆరేదాకా తుడవాలి.

3. బొడ్డుకు టించర్ అయోడిన్ రాయాలి. బొడ్డు తెరిచిన గుమ్మం లాంటిది. అక్కడినుంచి క్రిములు లోపలికి పోయి కీళ్ళు వాస్తాయి, ధనుర్వాతం కూడా రావచ్చు.

4. తల్లి చన్నుల మొన దగ్గర చిన్న బిరడాలాంటిది ఉంటుంది. రెండు చన్నులూ రెండు మూడుసార్లు పిండి పాలధార వస్తుందో లేదో చూడండి. పిల్ల చన్ను చీకుతున్నట్టే కనిపిస్తుంది గాని బిరడా వల్ల చుక్క కూడా దిగకపోవచ్చు.

వేలు పెట్టి చూసే పరీక్ష

చేతులు కడుక్కుని మీ వేలు పిల్ల నోట్లో పెట్టండి. మూడు సంగతుల్లో ఒకటి తెలుస్తుంది.

నోరు వెచ్చగా ఉంది, వేలు చీకుతోంది: భయం లేదు. పట్టుకుని తల్లి చన్ను నోటికందించండి.

నోరు వెచ్చగా ఉంది, చీకడం లేదు: పాలు పిండి కొంచెం కొంచెంగా నోటి పక్కనుంచి పట్టాలి. మింగాకే మళ్ళీ పోయాలి. అసలు మింగకపోతే నోట్లో పోయకండి. పశువుల డాక్టరు గారు గొట్టం వేసి నేరుగా కడుపులోకి పాలు పోస్తారు.

నోరు చల్లగా ఉంది: ఇది ప్రమాదం. ముందు వేడి చేయాలి. పాలు తర్వాత.

ఈ మూడోదే ముఖ్యం. చల్లబడిన పిల్లను చూడగానే మనకి జాలివేసి పాలు పోస్తాం. చల్లబడిన ఒంట్లో పేగులు కదలవు. పాలు అరగక అక్కడే పులుస్తాయి. మింగే శక్తి లేక పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల వెంటనే చచ్చిపోవచ్చు. కాబట్టి గుర్తుంచుకోండి: ముందు వేడి, తర్వాత పాలు.

థర్మామీటరు ఉంటే మలద్వారంలో పెట్టి చూడవచ్చు. మంచి పిల్లకు 102 నుండి 103 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 99 కంటే తగ్గితే ప్రాణం మీదకి వచ్చినట్టే. మేకలకు వాడింది మనుషులకు వాడకూడదు.

వేడి చేయడం ఎలా?

వేడినీళ్ళు సీసాల్లో పోసి, బిరడా గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి పిల్లకు రెండు వైపులా పెట్టండి. మీద గోనెసంచి కప్పండి. నీళ్ళు చల్లారితే మార్చండి. గుడ్డ చుట్టకుండా పెడితే చర్మం కాలుతుంది. ఆ పిల్లకు పక్కకి జరిగే ఓపిక కూడా ఉండదని మరిచిపోవద్దు.

ఇంకో పద్ధతి వేడినీళ్ళ తొట్టి. మోచేయి ముంచితే సుఖంగా ఉండే వేడి చాలు. పిల్లను మెడ వరకు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తల బయటే ఉంచి, చేత్తో పట్టుకుని నీళ్ళలో ఉంచాలి. సంచి ఎందుకంటే ఒళ్ళు తడవదు, తల్లికి తెలిసిన వాసన పోదు. వాసన పోతే తల్లి దగ్గరికి రానివ్వదు.

నిప్పుల కుంపటి పెడితే దూరంగా పెట్టండి. తలుపులన్నీ మూసిన గదిలో మాత్రం పెట్టకూడదు. ఆ విషవాయువు మేకలకే కాదు, మనుషులకూ ప్రాణాంతకం.

పుట్టి ఐదారు గంటలు దాటాక చల్లబడిన పిల్ల ఒంట్లో చక్కెర కూడా అయిపోయి ఉంటుంది. దాన్ని అలాగే వేడి చేస్తే మూర్ఛ రావచ్చు. డాక్టరు గారు ముందు గ్లూకోజ్ ఎక్కిస్తారు. అది మనం చేసే పని కాదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వారు మాట్లాడతారు. సిగ్నల్ లేని ఊళ్ళ వాళ్ళు దగ్గరున్న పశువుల ఆసుపత్రికి మనిషిని పంపాలి.

ముర్రుపాలే మందు

ఈనగానే వచ్చే పసుపు రంగు చిక్కని పాలే ముర్రుపాలు. మనుషుల్లో రోగాలను ఎదిరించే శక్తి కొంత తల్లి కడుపులోనే బిడ్డకు అందుతుంది. మేకల్లో అలా అందదు. అంతా ముర్రుపాల ద్వారానే రావాలి. పిల్ల పేగులు ఆ శక్తిని మొదటి ఆరు గంటల్లో బాగా పీల్చుకుంటాయి. ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ 24 గంటలకి పూర్తిగా మూసుకుపోతాయి. రెండో రోజు ఎంత పట్టినా కడుపు నిండుతుంది గాని ఆ రక్షణ రాదు. అందుకే జున్ను వండుకునే ముందు పిల్లల కడుపులు చూడాలి.

ఎంత పట్టాలి? కిలో బరువుకి ఒకసారికి 50 మిల్లీలీటర్లు. కిలోన్నర పిల్లకు 75 మిల్లీలీటర్లు, అంటే 100 మిల్లీలీటర్ల దగ్గుమందు సీసాలో ముప్పావు వంతు. మొదటి రోజు ఇలా మూడు నాలుగుసార్లు పట్టాలి. మొదటిది గంట, రెండు గంటల్లోపే పడాలి.

పాలు పట్టేటప్పుడు పిల్లను చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టవద్దు. తల్లి దగ్గర తాగేటట్టే నిలబెట్టి, తల కొంచెం పైకి ఉంచాలి.

మా ఇంట్లో మూడో పిల్ల

నిరుడు సంక్రాంతి సెలవుల్లో మా నల్లమేక మూడు పిల్లల్ని ఈనింది. మూడోది అరచేతిలో పట్టేంత ఉంది. చెవులు చల్లగా, మెడ వాలిపోయి ఉంది. మా నాయనమ్మ “రెండు దక్కాయి చాలు” అంది. నేను వేలు పెట్టి చూస్తే నోరు కూడా చల్లగా ఉంది. నీళ్ళు కాచి రెండు సీసాల్లో పోశాం. నాయనమ్మే తన పాతచీర చింపి చుట్టింది. గంటన్నర తర్వాత అది చెవి కదిపింది. వేలు పెడితే మెల్లగా చీకింది. అప్పుడు తల్లి పాలు పిండి పట్టాం. రాత్రి మూడుసార్లు లేచాం. తెల్లారేసరికి నిలబడింది, కాళ్ళు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. అదే వారం మా ఊళ్ళో ఇంకో ఇంట్లో రెండు పిల్లలు రాత్రి చలికి పోయాయి. వాళ్ళ మేకలు మా మేకల కంటే బలమైనవే.

అన్నీ బతుకుతాయని నేను చెప్పను. నెలలు నిండకుండా, పళ్ళు రాకుండా, బొచ్చు సరిగా లేకుండా పుట్టినవి ఎంత చేసినా నిలవడం కష్టం. అయినా ప్రయత్నించడానికి ఖర్చయ్యేది రెండు సీసాల వేడినీళ్ళే కదా!

తల్లి రానివ్వకపోతే, లేకపోతే

తల్లిని కట్టేసి, పట్టుకుని పాలు తాగించండి. రెండు మూడు రోజుల్లో చాలా మేకలు ఒప్పుకుంటాయి. తల్లి చనిపోతే అదే రోజు ఈనిన ఇంకో మేక ముర్రుపాలు పట్టాలి. ఆ మేక ఉమ్మనీటిని ఈ పిల్ల ఒంటికి పూస్తే తన పిల్లే అనుకుని దగ్గరికి తీయవచ్చు. మేక దొరక్కపోతే ఆవు ముర్రుపాలైనా పట్టండి, కాస్త ఎక్కువ పట్టాలి. తర్వాత కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు రోజుకి ఐదారుసార్లు. నీళ్ళు కలపవద్దు. సీసా, పీక రోజూ వేడినీళ్ళతో కడగాలి.

పెద్దవాళ్ళతో ఎలా చెప్పాలి?

మన పెద్దలకు మేకల గురించి మనకంటే ఎక్కువ తెలుసు. నేల తడి తగలకుండా కర్రలతో ఎత్తుగా దొడ్డి కట్టడం, చూడి మేకకు పనసాకు వేయడం మంచి పద్ధతులే. కాని మావి పడేదాకా పాలు తాగనివ్వకూడదనడం, బొడ్డుకు బూడిద, పేడ పెట్టడం మానుకోవాలి. నిజానికి పిల్ల చీకితేనే మావి త్వరగా పడుతుంది. ఇంటికెళ్ళి “మీకేమీ తెలియదు” అంటే ఎవరూ వినరు. “ఈ ఒక్కసారి నన్ను చూడనియ్యి నాయనమ్మా” అంటే వింటారు.

ముందు జాగ్రత్త

కడుపులో పిల్ల పెరుగుదల చాలావరకు చివరి నెలన్నరలోనే జరుగుతుంది. ఆ రోజుల్లో తల్లికి రోజూ గుప్పెడు మొక్కజొన్నలో, రాగులో, తవుడో పెట్టండి. దూరపు కొండలకు తోలవద్దు. ఈనడానికి నెల ముందు చిటుకురోగం టీకా వేయిస్తే ఆ రక్షణ కూడా ముర్రుపాలలో పిల్లకు అందుతుంది.

మిత్రులారా! ఈసారి సెలవులకు వెళ్ళేటప్పుడు పుస్తకాలతో పాటు ఒక చిన్న టించర్ అయోడిన్ సీసా, రెండు ఖాళీ సీసాలు పట్టుకెళ్ళండి. చిన్న తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అన్నీ గుర్తుపెట్టుకోలేకపోతే ఈ నాలుగు మాటలు చాలు: ఆరబెట్టు, వేలుపెట్టి చూడు, వేడి చెయ్యి, ముర్రుపాలు పట్టు.

— 9వ తరగతి విద్యార్థి